అక్క పెళ్ళిలో నిద్రలేచిన ట్రాన్సిస్టర్

మా సునందక్క పెళ్ళి దాదాపు ఆగిపోయింది. ఆపబోయింది శత్రువులు కాదు, అలిగిన చుట్టాలూ కాదు. నేనూ, నేను కట్టిన ఒక రేకు డబ్బా.

కరెంటు తన ఇష్టం వచ్చినప్పుడు పోయే రోజులవి. ఆబిడ్స్ చర్చిలో సాయంత్రం పెళ్ళి. నాంపల్లిలో ఓ చిన్న కార్ఖానాలో కొత్తగా ఇంజనీరుగా చేరిన నేను ఊరుకుంటానా?

"ఫికర్ చెయ్యకు నాయినా, కారు బ్యాటరీతోని ట్యూబులైట్లు వెలిగిస్త" అన్నాను నాన్నతో.

డబ్బాలో రెండు ట్రాన్సిస్టర్లు, కరెంటును వదిలీ ఆపే బుల్లి స్విచ్చుల్లాంటివి. ఒకటి మేలుకుంటే రెండోది పడుకోవాలి. రెండూ ఒక్కసారి మేలుకున్నాయా, బ్యాటరీ కరెంటంతా వాటిలోంచే దూసుకుపోయి మాడి మసైపోతాయి. ముందు బల్లమీద నమూనా కట్టి, ట్యూబులైట్లకు బదులు టార్చి బల్బు పెట్టి చూశాను. బంగారంలా నడిచింది. నాతోపాటు పనిచేసే నర్సింగరావు మాత్రం తల గోక్కున్నాడు.

"గదైతె టార్చి బల్బు భాయ్. అసలు లైట్లు పెడితె, ఒకటి లేసిన ఝట్కాకు పండుకున్నది గూడ లేస్తదేమో. జర చూస్కో."

"ఊకె భయపెట్టకు!"

పెళ్ళిలో మొదటి ప్రార్థనకే కరెంటు పోయింది. వెనక బెంచీ దగ్గర స్విచ్చి వేశాను. లైట్లు వెలిగాయి. నాన్న మీసం మెలేశాడు. నాకు మాత్రం చెమటలు. డబ్బా మొదట తుమ్మెదలా, తర్వాత కోపమొచ్చిన పిల్లిలా శబ్దం చేస్తోంది. ముట్టుకుంటే కాలిన పెనం! ఆపితే పెళ్ళి చీకట్లో, ఆపకపోతే ఏమవుతుందో దేవుడికే తెలియాలి.

అప్పుడే పాస్టరు అయ్యగారు గంభీరంగా అడిగారు: "ఈ వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్న యెడల ఇప్పుడే చెప్పవలెను."

అందరూ అటూ ఇటూ చూశారు.

ఢాం!

పడుకోవలసిన ట్రాన్సిస్టర్ లేచి కూర్చుంది. చీకటి, పొగ, కమురు వాసన. పెళ్ళికొడుకు తల్లి ఏడుపందుకుంది.

"ఎవడ్రా అది? ఏంది అభ్యంతరం?" అని అరిచాడు పెళ్ళికొడుకు మేనమామ.

ఎవరో అగ్గిపుల్ల గీశారు. ఆ వెలుగులో మసి మొహంతో నిలబడి ఉన్నాను.

"అగో, పెళ్ళికూతురు తమ్ముడే!"

"నాకేం అభ్యంతరం లేదు అయ్యగారూ..." అంటే నాకే వినపడలేదు.

అక్క ముసుగు పైకెత్తింది. "వీని డబ్బా పేలింది అయ్యగారూ! గీడ ఎవ్వరికీ అభ్యంతరం లేదు. జల్ది కానియ్యుండ్రి, లేటైతె వీడు ఇంకోటి పేలుస్తడు!"

చర్చంతా గొల్లున నవ్వింది. ఏడుస్తున్న అత్తగారు కూడా పైట చెంగు నోటికడ్డం పెట్టుకుంది. కొవ్వొత్తుల వెలుగులో పెళ్ళి నిండుగా జరిగిపోయింది.

ఆనాడే మసి చెయ్యి గుండెమీద వేసుకుని ఒట్టు పెట్టుకున్నాను: బతికున్నంత కాలం ఎవరి పెళ్ళికి వెళ్ళినా కొవ్వొత్తులే పట్టుకెళ్తాను. వాటిలో రెండు ఒకేసారి వెలిగినా కొంపలేం మునగవు.