బొటనవేలంత విమానం

మా వీధిలో వయసు మళ్ళినవాళ్ళలో చాలామంది మా మేనత్త చేసిన పళ్ళతోనే నమిలేవాళ్ళు, ఆ పళ్ళతోనే నవ్వేవాళ్ళు, సెట్టు కాస్త వదులైతే ఆ పళ్ళతోనే ఆమెను తిట్టుకునేవాళ్ళు. ఆమె ఒక పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేసేది. డాక్టరు ముందుగదిలో నోళ్ళు తెరిపిస్తుంటే, వెనకగదిలో మా అత్తయ్య మైనం కరిగించి, చిగుళ్ళ అచ్చులు పోసి, ఒక్కో పన్నూ కూర్చేది. ఎవరు ఎదురుపడినా ఆవిడ చూపు ముందు వాళ్ళ నోటి మీదికే పోయేది. ఒకసారి తెలిసినవాళ్ళింట్లో పెద్దాయన పోతే చూడటానికి వెళ్ళి, తిరిగొచ్చే దారిలో మా అమ్మతో, ఆ సెట్టు ఇంకా చాలా ఏళ్ళు వచ్చేదని నొచ్చుకుందట. పిల్లలందరం ఆమెను పళ్ళత్తయ్య అనేవాళ్ళం.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు తీరిక దొరకలేదని చెప్పేది. మా ఇంటి మేడ మీద ఒక గది, దాని ముందు రేకుల వసారా, కిటికీ పక్కన ఒక బల్ల. అదంతా ఆమె రాజ్యం. కింద మా నాన్న రాజ్యం. నాన్న ఆమెకు తమ్ముడు, వయసులో బాగా చిన్న. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఒకరినొకరు చూడకుండా ఒక పూట ఉండలేరు. చూశాక కాసేపట్లోనే ఏదో ఒక మాట దగ్గర చెడకుండానూ ఉండలేరు.

డాక్టరు ముసలివాడై ఆసుపత్రి మూసేశాక అత్తయ్యకు పని లేకుండా పోయింది. కానీ ఆ చేతులు ఊరికే ఉండే రకం కాదు. మా కళ్ళజోళ్ళకు మరలు బిగించింది. గోడగడియారం విప్పి మళ్ళీ కూర్చింది. అమ్మ వద్దు మొర్రో అంటున్నా వినకుండా వంటింట్లో కత్తులన్నిటికీ పదును పెట్టింది. అమ్మ వారం పాటు వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని తిరిగింది. ఆ తర్వాత అత్తయ్య మేడ దిగడం తగ్గించేసింది. ఏం చేస్తోందో చూద్దామని ఒక మధ్యాహ్నం నేను పైకి వెళ్ళాను. బల్ల మీద దీపం, స్టాండుకు బిగించిన భూతద్దం, దాని కింద గులాబిరంగు మైనపు పలక. ఆ పలక మీద వెంట్రుకల్లా సన్నగా చీల్చిన వెదురు పేళ్ళు వరసగా గుచ్చి ఉన్నాయి. ఏమిటిదని అడిగాను.

"మీ తాత విమానం" అంది తలెత్తకుండా.

మా తాత విమానం నడిపినవాడు కాదు. దర్జీ. ఊరి బయట మైదానంలో అప్పట్లో విమానం నడపడం నేర్పే బడి ఒకటుండేది. అక్కడి చిన్న విమానాల రెక్కలు రేకువి కావు. చెక్క బద్దల చట్రానికి గుడ్డ తొడిగి, బద్ద బద్దకూ కుట్టి, పైన డోపు అనే ఘాటైన ద్రావకం పూసేవాళ్ళు. అది ఆరేకొద్దీ గుడ్డ డప్పులా బిగుసుకునేది. ఆ కుట్టుపని తాతది. బడి వెనక షెడ్డులో, ఆకాశంలో యుద్ధాలు చేయడం మనుషులు ఇంకా అప్పుడప్పుడే నేర్చుకుంటున్న కాలం నాటి యుద్ధవిమానం ఒకటి మూలనపడి ఉండేది. ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు, వాటి మధ్య నిలువు గుంజలు, గుంజలకు అడ్డంగా బిగించిన తీగలు. తుపాకి ఎప్పుడో ఊడదీసేశారు. గుడ్డ చివికి పీలికలై వేలాడేది. దాన్ని మళ్ళీ మనుషుల్లో పెట్టాలని బడి పెద్దకు సరదా పుట్టి, రెక్కలకు కొత్త గుడ్డ వేసే పని తాతకు అప్పగించాడు.

అత్తయ్యకు అప్పుడు పదేళ్ళుంటాయి. మధ్యాహ్నం తాతకు అన్నం క్యారియరు ఇచ్చి రమ్మని నాయనమ్మ పంపేది. వెళ్ళిన పిల్ల చీకటి పడితే గానీ వచ్చేది కాదు. రెక్కకు కుట్టు వేయాలంటే పైన ఒకరు, కింద ఒకరు ఉండాలి. తాత పైనుంచి పొడుగాటి సూది గుచ్చితే, రెక్క కింద వెల్లకిలా పడుకున్న అత్తయ్య దాన్ని అందుకుని, బద్దకు అవతలి పక్కనుంచి మళ్ళీ పైకి పంపేది. కుట్టు బిగిశాక తాత వేలి కణుపుతో గుడ్డ మీద తట్టి చెవి పెట్టి వినేవాడు. పనయ్యాక ఆమెను ఎత్తి పైలట్ సీట్లో కూర్చోబెట్టేవాడు. కాళ్ళు పెడళ్ళకు అందేవి కావట. సీటు ముందు, తుపాకి ఊడదీసిన చోట మిగిలిన రెండు రంధ్రాల్లోంచి షెడ్డు గుమ్మం, గుమ్మంలోంచి గడ్డిమైదానం కనబడేవట.

మా నాన్నకు ఆ భాగ్యం దక్కలేదు. నాలుగేళ్ళవాడిని ఒక్కసారి షెడ్డుకు తీసుకెళితే, అప్పుడే బిగించిన కొత్త గుడ్డలోకి వేలు దూర్చాడు. అంతే, మళ్ళీ గుమ్మం తొక్కనివ్వలేదు. ఆ విమానం గురించి నాన్నకు మిగిలిందల్లా ఆముదం వాసన. దాని ఇంజనుకు కందెనగా ఆముదమే పోసేవాళ్ళు. ఆ డబ్బాల మధ్యే తాత పని. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పితే వాసన గదంతా కమ్మేదని నాన్న చెప్పేవాడు.

పని పూర్తి కాలేదు. కింది రెక్కల్లో ఒకటి ఇంకా గుడ్డ లేకుండా, బద్దలు బయటపడి ఉండగానే బడి మూతపడింది. ఒకరోజు లారీ వచ్చింది. రెక్కలు విప్పి, విమానంతో పాటు వాటినీ ఎక్కించారు. తాళ్ళు ఒరుసుకుని గుడ్డ చిరగకుండా తాత తాళ్ళ కింద పాత బొంతలు మడిచి పెట్టాడు. లారీ ఎటు వెళ్ళిందో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత తాత బజారులో ఒక అరుగు మీద మిషను పెట్టుకుని చొక్కాలూ పంట్లాములూ కుట్టాడు. విమానం ఊసు మళ్ళీ ఎత్తలేదు. నేను పుట్టకముందే పోయాడు. విమానానికి గానీ, దాని పక్కన తాతకు గానీ ఒక్క ఫొటో లేదు. అత్తయ్య జ్ఞాపకం తప్ప ఏ ఆధారమూ లేదు.

తాత వదిలేసిన పని తన చేతుల మీదుగా పూర్తి చేయాలని ఆమె కోరిక. కాస్త పెద్దగా చేయొచ్చు కదా, కళ్ళకు శ్రమ తగ్గుతుంది కదా అన్నాను.

"పన్ను కంటే పెద్దది చెయ్యడం నాకు రాదే" అంది.

రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు ఆమె బొటనవేలంత. గుంజలు వెదురు పేళ్ళు. చక్రాలకు చొక్కా గుండీలను అరగదీసింది. సీటు గులాబిరంగు ప్లాస్టిక్‌తో, అంటే చిగుళ్ళు చేసే దానితోనే చేసింది. తీగలకు ముందు తన వెంట్రుకలే వాడి చూసి, మొద్దుగా ఉన్నాయని పీకేసింది. నేను నా చంటికూతురి జుట్టు దువ్వుతుంటే వచ్చి దువ్వెన లాక్కుపోయింది. ఆ వెంట్రుకలు సరిపోయాయి. నేను ఇంటర్నెట్టులో అలాంటి విమానం బొమ్మ ఒకటి వెతికి అచ్చు తీసి ఇచ్చాను. దానికి తుపాకి ఉంది, రెక్కల మీద రంగు గుర్తులున్నాయి. కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూసి, ఇది వేరేవాళ్ళదని తిరిగి నా చేతిలో పెట్టేసింది.

ఇంజను దగ్గర అక్కాతమ్ముళ్ళకు మొదటి తగవు వచ్చింది. ఆ విమానంలో ముందరి పంకాతో పాటు ఇంజను కూడా గుండ్రంగా తిరుగుతుందని అత్తయ్య అంది. నాన్న పడీపడీ నవ్వాడు. ఇంజను పక్కన కూర్చునే జీవితమంతా గడిపానని, ఇంజను తిరిగేదైతే బస్సులో జనం ఎక్కడ ఉండేవాళ్ళని అడిగాడు. నాన్న ఊరుకోక డిపోలో పాత మెకానిక్కును అడగడానికి వెళ్ళి, ఆముదం తాగిన మొహంతో తిరిగొచ్చాడు. ఆ రోజుల్లో అలాంటివి నిజంగానే ఉండేవట. రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి తనంతట తాను చెప్పలేక, నా చేత చెప్పించాడు.

రెండో తగవు అంత తేలిగ్గా పోలేదు. పొగలాంటి పల్చని కాగితం తెచ్చి అత్తయ్య నాలుగు రెక్కలకూ అంటించింది. అప్పుడు చూడాలి దాని అందం. ఊపిరి తగిలినా కదిలేంత తేలిక. నాన్నను పిలిచి చూపించింది. నాన్న భూతద్దం మీదికి వంగి చాలాసేపు చూశాడు. అటు తిరిగి చూశాడు, ఇటు తిరిగి చూశాడు.

"అక్కా, కుట్లేవీ?"

"ఇంత చిన్నదాంట్లో కుట్టెలా కనబడుతుందిరా? వేశానంటే రెక్కకి మోకులు కట్టినట్టుంటుంది."

"నాన్న చేసిందల్లా ఆ కుట్లే కదా. అవి లేనప్పుడు ఇది ఎవరి విమానమైతే ఏంటి?"

అత్తయ్య మొహం మాడిపోయింది. సీట్లో ఒక్కసారి కూడా కూర్చోనివాడివి నువ్వు చెప్పొచ్చావా అనేసింది. నాన్న మెట్లు దిగి వచ్చేశాడు. ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. ఆ రోజు నుంచి పైకి వెళ్ళడం మానేశాడు. ఆవిడ కిందికి రావడం మానేసింది. మధ్యలో నేను రాయబారిని. కిందినుంచి కూర పైకి, పైనుంచి ఖాళీ గిన్నె కిందికి, వాటితో పాటు మందులు వేసుకుందా, వేసుకున్నాడా అన్న వాకబులు.

చివరికి నాన్నే మెత్తబడ్డాడు. కరెంటు బిల్లు వంక పెట్టుకుని ఒక మధ్యాహ్నం పైకి వెళ్ళాడు. ఎండ మండిపోతోంది. గదిలోకి అడుగుపెడుతూనే, ముప్ఫై ఏళ్ళు బస్సు దిగి ఇంటికొచ్చిన అలవాటు కొద్దీ, చెయ్యి ఫ్యాను స్విచ్చి మీదికి పోయింది. ఆ గదిలో నెలల తరబడి ఫ్యాను వేయడం లేదని ఆయనకు తట్టలేదు. అత్తయ్య వద్దని చెయ్యి ఎత్తేలోపే విమానం బల్ల మీంచి లేచింది. ఒక చుట్టు తిరిగి, కిటికీ దగ్గర కాస్త పైకెగసి, కనబడకుండా పోయింది.

అలికిడికి నేను పైకి వెళ్ళేసరికి ఇద్దరూ మోకాళ్ళ మీద ఉన్నారు. నాన్న మంచం కింద సగం దూరి ఉన్నాడు. అత్తయ్య భూతద్దం పట్టుకుని గచ్చును అంగుళం అంగుళం చూస్తోంది. ఒకరినొకరు తిట్టుకోవడం లేదు. అది చూసే నాకు భయం వేసింది. ముగ్గురం వెతికాం. పరుపు దులపడానికి కూడా భయమే. చివరికి వసారాలో దండెం మీద ఆరేసిన చీర మడతలో నాన్నకే దొరికింది. రెండు చేతులూ దోసిలి పట్టి, నిండు చెంబు మోస్తున్నట్టు తీసుకొచ్చాడు.

చట్రం విరగలేదు. కింది రెక్క ఒకదాని కాగితం మాత్రం చిరిగి వేలాడుతోంది. అత్తయ్య సన్నని పట్టకారుతో ఆ పీలికలు ఒక్కొక్కటే తీసేసింది. వెదురు బద్దలు బయటపడ్డాయి. కొత్త కాగితం కోసం సొరుగు లాగింది.

"ఉండనీ అక్కా" అన్నాడు నాన్న. "లారీ ఎక్కించేటప్పుడు ఒక రెక్క ఇలాగే ఉందన్నావుగా."

ఆమె చెయ్యి సొరుగు మీదే ఆగింది. విమానాన్ని చాలాసేపు చూసింది. తర్వాత సొరుగు మూసేసింది.

నాన్న స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. ఎన్నాళ్ళుగానో అడగాలనుకుంటున్న మనిషిలా అడిగాడు.

"అక్కడ నాన్న నవ్వేవాడా అక్కా? నేనెప్పుడూ చూళ్ళేదు."

నాన్నకు ఊహ తెలిశాక చూసిన తండ్రి, బజారు అరుగు మీద తల వంచుకుని మిషను తొక్కే మనిషి. పిలిస్తే ఊఁ అనేవాడు, లేకపోతే అదీ లేదు. అలాంటి తండ్రి తప్ప ఇంకొకడు ఉండేవాడని ఆయనకు తెలియదు.

"నవ్వేవాడురా" అంది అత్తయ్య. "సూది నాకు గుచ్చుకుంటే ముందు నవ్వి, తర్వాత వేలు చూసేవాడు. రెక్క మీద తట్టి, విను, నీ గొంతు కంటే ఇదే నయం అనేవాడు. నువ్వు వేలు దూర్చావు చూడు, ఆ రోజు నిన్ను బయటికి పంపేసి, లోపల కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఆ చిరుగుకి మాసిక వేసింది కూడా నవ్వుతూనే."

నాన్న తల వంచుకుని విన్నాడు. ఇంకేం చేసేవాడని అడిగాడు. ఇంకేం చేసేవాడో ఆమె చెప్పింది. ఆ వేసవంతా మధ్యాహ్నాలు ఆయన పైనే గడిపాడు. ఆమె రంగు అద్దుతుంటే దీపం వాలు సరిచేసేవాడు. ఆమె చెబుతూ ఉండేది. చెప్పిందే మళ్ళీ చెప్పినా ఆయన గుర్తుచేసేవాడు కాదు.

విమానం అలాగే ఒక రెక్క కప్పకుండానే పూర్తయింది. ఇప్పుడది గాజు మూత కింద, కిందిగదిలో, అందరికీ కనబడే చోట ఉంటుంది. వచ్చినవాళ్ళు ముందు దాన్ని పురుగనుకుంటారు. దగ్గరికి వంగాక మాటలాపేస్తారు. ఆ తర్వాత అత్తయ్య వేళ్ళు వణకడం మొదలైంది. ఇంకేమీ చేయలేదు. నాకు బాధగా ఉండేది గానీ ఆమె మాత్రం, చేయాల్సింది చేసేశాను కదా అనేది.

చలికాలం వచ్చాక ఇద్దరూ ఆ మైదానం చూసొద్దామన్నారు. నేను తోడు వెళ్ళాను. దారి పొడుగునా నాన్న మేం ఎక్కిన బస్సు డ్రైవరు గేరు మార్చే తీరుకు తప్పులు పడుతూనే ఉన్నాడు. దిగి చూస్తే మైదానం లేదు. అన్నీ ఇళ్ళే. రెండు వరసల ఇళ్ళ మధ్య, ఒకప్పుడు విమానాలు పరుగెత్తిన వెడల్పాటి సిమెంటు పట్టీ ఒకటి మాత్రం మిగిలింది. దాని మీద పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు, ఎవరో దుప్పట్లు ఎండబెట్టారు. అత్తయ్య ఆ పట్టీ మీద నిలబడి అటూ ఇటూ తిరిగి, షెడ్డు ఫలానా చోట ఉండేదని ఒక పచ్చగేటు ఇంటివైపు చూపించింది.

గేటు దగ్గర మొక్కలకు నీళ్ళు పోస్తున్నావిడ ఎవరి కోసం వచ్చారని అడిగింది. ఎవరి కోసమూ కాదమ్మా, మా నాన్న ఇక్కడ పనిచేసేవాడు అన్నాడు నాన్న. ఇక్కడ ఏ పని ఉండేదని ఆవిడ ఆశ్చర్యపోయింది. విమానాలకు బట్టలు కుట్టేవాడని అత్తయ్య చెప్పింది. ఆవిడ ఒక క్షణం వాళ్ళ మొహాలు చూసి, లోపలికి వెళ్ళి రెండు కుర్చీలు తెచ్చి గోడ నీడలో వేసింది.

ఇద్దరూ కూర్చున్నారు. షెడ్డు తలుపు ఏ వైపు తెరుచుకునేదో, పైలట్లు ఎక్కడ నిలబడి సిగరెట్లు కాల్చేవాళ్ళో, తాత సైకిలు ఏ చెట్టుకు ఆనించేవాడో అత్తయ్య చెబుతోంది. నాన్న ఆమె వేలు చూపించిన చోటికల్లా తల తిప్పి చూస్తున్నాడు. నీడ జరిగినప్పుడల్లా నేను కుర్చీలు జరుపుతూ వచ్చాను.