ముత్తమ్మవ్వ నిద్ర

బతికున్న మనిషిని గుడి మైకులో చంపిన ఘనత మా సంఘంలో ఒక్కడికే దక్కింది. ఆ ఒక్కణ్ణీ నేనే. ఎలా చంపానో చెబుతాను, నవ్వుకోండి. మధ్యలో ఎక్కడైనా నాకు నవ్వు రాకపోతే మీరే సర్దుకోవాలి.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ రాని రోజులు. మాది తెనాలి వైపు. భద్రాచలం దగ్గరి సారపాక కాగితం మిల్లులో గుమాస్తాగా చేరి రెండేళ్ళయింది. మా గుడిలో, అంటే చర్చిలో, ముందు బెంచీల మీద మిల్లు క్వార్టర్స్ వాళ్ళం, వాటి వెనక కాంట్రాక్టు కూలీలు, అందరికన్నా వెనక చాపల మీద అడవి పల్లెల కోయవాళ్ళు. మనమంతా ఒకే శరీరమని ప్రతి ఆదివారం గొంతెత్తి పాడి, ఎవరి చోట వాళ్ళం కూర్చునేవాళ్ళం.

నన్ను సంఘ కార్యదర్శిని చేశారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు గానీ, కొత్త కార్యదర్శి అసలేమీ ఎరగడు. ములకలపల్లి అవతల ఒక పల్లె నుంచి వచ్చే ముత్తమ్మవ్వ ప్రతి కోత పండుగకీ డోలు వాయింపించి కోయభాషలో స్తుతిపాట పాడేది. నేను పండుగ ఆరాధన క్రమాన్ని టైపు చేయించి, అడుగున 'పాటలు తెలుగులో మాత్రమే' అని వేయించాను. దేవుడికి కోయభాష రాదని నాకెవరు చెప్పారో ఇప్పటికీ గుర్తు లేదు.

అవ్వ ఆ కాగితం తన కొడుకు సోంబాబుతో చదివించుకుని వెళ్ళిపోయింది. మరుసటి వారం చాపలు ఖాళీ. వాళ్ళు తమ పల్లెలోనే వేరే ప్రార్థన పాక వేసుకుని విడిపోతారని వినబడింది. వెళ్ళి మాట్లాడి రమ్మని పాస్టరు అయ్యగారు నాకు మూడుసార్లు చెప్పారు. వచ్చే వారం వెళ్తానన్నాను, మూడుసార్లూ. ఇంతలో అవ్వకు మలేరియా అని, భద్రాచలం దవాఖానాలో చూపించి ఇంటికి తీసుకుపోయారని తెలిసింది. అప్పుడూ వెళ్ళలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే సోంబాబు ఫోన్ చేశాడు.

"సారూ, మా అవ్వ నిద్రపోయింది."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. మా క్రైస్తవుల భాషలో ఎవరూ చావరు, ప్రభువునందు నిద్రిస్తారు. సమాధి రాళ్ళ మీద కూడా అదే మాట. సోంబాబు మాట నాకు అలాగే వినబడింది.

"ఎప్పుడు?" అన్నాను.

"రాత్రి పొద్దుగూకంగనే. నిమ్మళంగ నిద్రపోయింది. ఇగ బాధ లేదు, ప్రభువు దయ. సంఘంల అందరికి చెప్పుండ్రి." అంతటితో లైను తెగింది.

గంట తిరక్కుండా మైకు పట్టుకుని, మన ప్రియ సహోదరి ముత్తమ్మగారు ప్రభువునందు నిద్రించారని ప్రకటించాను. ఆమె పేరు చివర 'గారు' చేర్చడం నాకు అదే మొదటిసారి. కాదు, బతికే ఉందని చెప్పడానికి ఆ పల్లెవాళ్ళు ఒక్కరైనా గుడిలో లేరు. లేకుండా చేసింది నేనే కదా. చావు లేదు, శవం లేదు, దండ మాత్రం మనిషంతది కొనిపించాను.

ఒక కూలీ ఎవరినో బతిమాలి, జామాయిల్ కర్ర దింపేసిన లారీ తెచ్చాడు. ఇస్త్రీ చీరల క్వార్టర్స్ ఆడవాళ్ళూ, కూలీల ఆడవాళ్ళూ ఒకే గోనెపట్టా మీద ఇరుక్కుని కూర్చున్నారు. గుంత వచ్చినప్పుడల్లా ఒకరినొకరు గట్టిగా పట్టుకున్నారు. గుడిలో ఇన్నేళ్ళకు కుదరని ఐక్యత ములకలపల్లి రోడ్డు మీద నాలుగు గుంతలకే కుదిరింది. నేను ఒక మూల కూర్చుని నిజంగానే ఏడ్చాను. క్షమాపణ అడగడానికి మనిషి లేకుండా పోయిందే అన్నది నా ఏడుపు.

పల్లెలో దుఃఖపు పాట ఎత్తుకుంటూ దిగాం. గుడిసె ముందు నులక మంచం మీద ముత్తమ్మవ్వ కూర్చుని జావ తాగుతోంది.

పాట ఆగిపోయింది. దండ దాచుదామంటే అంత చోటు ఎక్కడుంది?

"ఎవలు పోయిన్రు సారూ?" అని సోంబాబు దిగులుగా అడిగాడు.

"నిద్రపోయిందని నువ్వే కదయ్యా చెప్పావు?"

"అవ్ సారూ. వారం సంది జరంతోని కన్ను మూయలే. రాత్రి మూసింది. పొద్దుగాల తెరిచింది."

లారీ జనమంతా ఒక్కసారి నవ్వారు. అవ్వ నవ్వలేదు. ఇస్త్రీ చీరల్ని, కూలీల్ని, దండని, చివరికి నన్ను చూసింది.

"కొడుకా, బతికుంటే పాట వద్దంటివి. సస్తే లారీ నిండ మందిని తెస్తివా?"

గొంతులో కోపం లేదు. ఉంటే తట్టుకునేవాణ్ణి. మంచం పక్కన నేల మీద కూలబడి, "తప్పయింది అవ్వా, క్షమించు" అన్నాను. ఆమె జావ గిన్నె నా చేతిలో పెట్టి, తాగమంది. ఇంత దూరం వచ్చినోళ్ళు ఊకెనే పోవద్దంటూ సోంబాబుతో డోలు తెప్పించింది. ఆ మధ్యాహ్నం మేమంతా ఆమె వెనక పాడాం. మా కోయభాష విని పల్లె కుక్కలు దూరంగా వెళ్ళిపోయాయి. వేరే పాక మాట మళ్ళీ వినబడలేదు.

ఆరేళ్ళకు సోంబాబు మళ్ళీ ఫోన్ చేశాడు. "సారూ, మా అవ్వ సచ్చిపోయింది. నిద్రంటే మీకు సమజ్ కాదని సక్కగ చెప్తున్న" అన్నాడు. ఇద్దరం ఏడుస్తూనే నవ్వాం.

కనుక యావత్ సంఘం ఎదుట ఇదే నా ప్రమాణం: ఇకమీదట ఎవరు నిద్రించారని కబురొచ్చినా, వాళ్ళు లేచి జావ తాగుతారేమో మధ్యాహ్నం దాకా చూడనిదే మైకు ముట్టుకోను.