మిషన్‌కు పెట్టిన దండం

ఇన్నేళ్లు దీన్ని ఎట్లా మోశానో నాకే తెలియదు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

తొంభైల చివర్లో ఖమ్మంలో ఒక స్కానింగ్ సెంటర్‌లో టెక్నీషియన్‌గా చేసేవాణ్ని. ముఖం ఎముకలను కంప్యూటర్ తెరమీద బొమ్మలా నిలబెట్టి, అటూ ఇటూ తిప్పి కొలిచే సాఫ్ట్‌వేర్ మా దగ్గరికి కొత్తగా వచ్చింది. మా సెంటర్‌లో అది తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఎంత మిడిసిపాటు నాకు! మిషన్ తప్పు చెయ్యదని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాణ్ని.

ఒకరోజు ఒకామె స్కానింగ్‌కు వచ్చింది. ఆమెది జూలూరుపాడు అవతల అడవిలో ఒక కోయగూడెం. ఇరవై ఏళ్లుంటాయేమో. బీడీల తునికాకు తెంపబోతే ఎలుగుబంటి మీదపడి ఎడమ దవడ చీల్చేసింది. హైదరాబాద్‌లో సర్జన్ ఆ దవడను కూర్చాలి. ఎక్కడ ఎంత ఎముక పోయిందో ఆయనకు చెప్పాల్సింది నా కొలతలే.

కదలొద్దని తెలుగులో ఒక్కసారి అన్నాను. ఆమెకు తెలుగు రాదు. వెంట వచ్చిన భర్తకు వచ్చు, కానీ అతను తలుపు బయటే కూర్చున్నాడు. పిలిచి చెప్పించాలని కూడా తోచలేదు.

మిషన్ తిరగడం మొదలైంది. ఆమె రెండు చేతులూ జోడించి, గడ్డం కిందికి వంచి, దానికి దండం పెట్టింది. తన ముఖం తనకిమ్మని కాబోలు. అద్దం ఇవతల నేను నవ్వాను. అయ్యో, నవ్వాను.

ఆమె తల కదలడంతో తెరమీద దవడ ఎముక ఒకచోట మెట్టులా తెగి కనిపించింది. మళ్ళీ తీస్తే పది నిమిషాలు. కానీ నా వెనక మా సెంటర్ డాక్టరుగారు తన బంధువులను నిలబెట్టి, మావాడి పనితనం చూడండి అంటున్నారు. వాళ్ల ముందు తప్పొచ్చిందని ఎట్లా అనను? మౌస్‌తో ఆ మెట్టును చదును చేసి, దానిమీదే కొలిచాను. కొలత నాలుగు మిల్లీమీటర్లు తగ్గి ఉంటుందని ఆ క్షణంలోనే తెలుసు. ఎంతని? రెండు బియ్యపు గింజలు పక్కపక్కన పెట్టినంత. సంతకం పెట్టేశాను.

ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు ఇద్దరూ మళ్ళీ వచ్చారు. ఆమె మూతి ఎడమకు గుంజుకుపోయింది. పై పళ్లూ కింది పళ్లూ కలవడం లేదు. అన్నం నమల్లేక జావ తాగుతోందట. కొంగు అడ్డం పెట్టుకుని భర్త చెవిలో ఏదో అంది.

"మిషన్‌కు దండం పెట్టిందంట సారూ. గందుకే గిట్లయిందా అని అడుగుతుంది," అన్నాడతను.

"అవ్. కదలొద్దని చెప్పిన కదా," అన్నాను.

అతను ఆమెకు వాళ్ల భాషలో చెప్పాడు. ఆమె మోకాళ్ల మీదికి వంగి ఏడ్చింది. అతను నావైపు తిరిగాడు. "తెల్వక జేసింది సారూ. మీరేమనుకోకుండ్రి," అన్నాడు.

నేను చెప్పింది అబద్ధమా? ఆమె కదిలిన మాట నిజమే. ఆ నిజం చాటునే ఇన్నాళ్లూ దాక్కున్నాను. ఒకసారి సిగ్గు విడిచి, ఆమెకు నిజం చెబుదామని జూలూరుపాడు దాకా వెళ్లాను కూడా. బస్టాండులో టీ తాగి, అదే బస్సులో తిరిగొచ్చాను. పిరికివాణ్ని.

ఇప్పుడు రాస్తున్నాను. ఆమె దండంలో తప్పేమీ లేదు. తెరమీద ఆ మెట్టును నేను చూశాను, చూసి కూడా మళ్ళీ తీయలేదు. రాశాక గుండె కాస్త తేలికైంది, సిగ్గు మాత్రం తగ్గలేదు. ఈ ముక్క ఆమెకు ఆమె భాషలో చెప్పాల్సింది. ఆ భాష నాకు ఇప్పటికీ రాదు.