బాపు పరుపులు చుట్టిన రోజు

మా బాపు దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మమ్మల్ని దూదేకులోళ్లంటారు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, నమాజు చేస్తాం, ఊళ్లో ఉన్నప్పుడు పీర్ల పండుగలో ముందు నిలబడిందీ మేమే. ఉర్దూ బాగా వచ్చినవాళ్లకు మేం సగం ముసల్మానులం, మిగతావాళ్లకు పూర్తి ముసల్మానులం. ఇల్లు అద్దెకు అడిగిన రోజు ఈ తేడా బాగా తెలిసొస్తుంది.

నల్గొండ వైపు నుంచి హైదరాబాద్‌లోని నాచారం వచ్చిన మొదటి ఏడాదే అమ్మ చనిపోయింది. జనాజా ఎత్తడానికి నలుగురు మగవాళ్లు లేరు. బాపు మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గరికి పరుగెత్తి, షిఫ్టు దిగుతున్నవాళ్లలో టోపీ కనిపించిన ప్రతివాడి చెయ్యీ పట్టుకున్నాడు. అప్పటినుంచి ఆయనకు ఒకటే దిగులు, తను పోతే మోసేవాళ్లుండరని. అందుకే బస్తీలో ఎవరు చనిపోయినా, ముఖం తెలియకపోయినా, భుజం పట్టడానికి అందరికంటే ముందు వెళ్లేవాడు. "ఇయ్యాల నేను బోతె రేపు నాకొస్తరు బిడ్డా" అనేవాడు. నాకు నవ్వొచ్చేది. ఒళ్లు మండేది కూడా, చావు గురించి ఉన్నంత ముందుచూపు నాకు మొగుణ్ణి వెతికేటప్పుడు ఉంటే బాగుండేది కదా అని.

పౌరసత్వ చట్టం మీద దేశమంతా రోడ్డెక్కిన చలికాలం అది. మా మసీదు పక్క ఖాళీ జాగాలో ఆడవాళ్లం రోజూ కూర్చునేవాళ్లం. మధ్యాహ్నం నుంచి ఆరింటి దాకా పోలీసులు ఒప్పుకున్నారు. నేను ఆ మందుల ఫ్యాక్టరీ ప్యాకింగ్‌లో ఫస్ట్ షిఫ్టు దిగి సరాసరి అక్కడికే వెళ్లేదాన్ని. పక్క మిషన్ మీద పనిచేసే నేస్తం నాతోపాటు వచ్చేది. హిందువుల పిల్ల, జనగామ మనిషి, బతుకమ్మ పాటలకు పెట్టింది పేరు. "మా అమ్మ పుట్టిన తారీఖు మా అమ్మకే ఎరుకలేదు వదినా, నన్ను యాడికి దోలుతరో" అని నవ్వి, మైకు పట్టుకుని ఉయ్యాల పాట వరసలోనే సర్కారును ప్రశ్నలడిగేది. మేం చప్పట్లు కొట్టేవాళ్లం.

ముసలివాళ్లకు నేల చల్లగా ఉందని బాపు దుకాణంలోని పరుపులన్నీ తెచ్చి పరిచాడు. అవి మావి కావు. దూది మళ్లీ ఏకి కుట్టమని ఉప్పల్ వైపు కాలనీలవాళ్లు ఇచ్చినవి. ఒకావిడ తన పరుపు కోసం స్కూటీ మీద వచ్చింది. దాని మీద ఐదుగురు ముసలమ్మలు కూర్చుని ఉండటం చూసి, తనూ కాసేపు కూర్చుని వెళ్లిపోయింది.

వారం తర్వాత నగరం అవతలి నుంచి నలుగురు మగవాళ్లు వచ్చారు. మర్యాదస్తులు. మంచి స్పీకర్లు, నీళ్ల క్యాన్లు తెచ్చారు. వాళ్ల నాయకుడు మాట్లాడుతుంటే నిజంగానే ధైర్యం వచ్చింది. మన భయాన్ని మనకంటే బాగా చెప్పేవాడిని ఎవరు కాదంటారు? మూడో రోజుకు షరతులు మొదలయ్యాయి. పాట వద్దు, చప్పట్లు వద్దు, నినాదాలు వాళ్లు రాసిచ్చినవే ఇవ్వాలి. ఇది రాజ్యాంగం గొడవ కాదనీ, మతం గొడవనీ, మనం అడగాల్సింది దేవుడి పాలననీ ఆ నాయకుడు చెప్పాడు. నాలుగో రోజు నా నేస్తం చేతిలోంచి మైకు తీసేసుకుని, "బహన్, మీరు వెనక కూర్చోండి, ఇది మావాళ్ల పోరాటం" అన్నాడు. ఆమె ముఖం చిన్నబోయింది. నోటిదురుసు మనిషినని ఫ్యాక్టరీ అంతా పేరున్న నేను, ఆ నిమిషంలో నోరు విప్పలేదు. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

లేచింది బాపు.

"జర లెవ్వున్రి, పరుపులు గావాలె" అన్నాడు. ముందు వరస పరుపు మీద ఆ నలుగురే కూర్చుని ఉన్నారు. బాపు ఒక కొస పట్టుకుని చుట్టడం మొదలుపెట్టాడు. చుట్ట దగ్గరికొస్తుంటే ఒక్కొక్కరే జరిగి జరిగి చివరికి నేల మీదికి వచ్చారు. నాయకుడు ఏమిటిదని ఉర్దూలో అడిగాడు. బాపు తనకొచ్చిన వంకర ఉర్దూ పక్కనపెట్టి తెలుగులోనే జవాబు చెప్పాడు.

"ఇవి ఇచ్చినోళ్లు హిందువులు. ఆ పిల్ల ఎనక్కి బోతె పరుపులు గూడ ఎనక్కే బోవాలె. అల్లా ముంగట రోజుకు ఐదుసార్లు వంగుత. మీ ముంగట వంగ."

నాయకుడు కేకలు వేయలేదు. అదే నెమ్మదైన గొంతుతో, ఈసారి తెలుగులో, "దూదేకులోళ్లకు దీన్ ధర్మం గురించి ఏం తెలుసు? యాదికుంచుకో చాచా, రేపు నువ్వు పోతే నీ జనాజాకు ఒక్కడు గూడ రాకుండ చూస్తం" అన్నాడు.

బాపు చేతిలోంచి పరుపు జారి విడిపోయింది. ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో, వాడు సరిగ్గా ఆయనకు తగలాల్సిన చోటే కొట్టాడు. బాపు వంగి, మళ్లీ మొదటినుంచి చుట్టసాగాడు.

అప్పుడు ఒక ముసలావిడ మోకాళ్లు పట్టుకుని లేచింది. మా మసీదులో చాలా ఏళ్లు అజాన్ ఇచ్చి చనిపోయినాయన భార్య ఆమె. ఎప్పుడూ ముసుగు తీయలేదు, అన్ని రోజుల్లో ఒక్కసారీ మైకు ముట్టలేదు. "నా మొగుని అజాన్ ఇని ఈ బస్తీ నిద్ర లేసింది. దీన్ నాకు నేర్పకు బేటా" అని నాయకుడితో అన్నది. తను కూర్చున్న పరుపు తనే చుట్టుకుంది. బాపు వైపు తిరిగింది.

"భాయ్, నీ జనాజా మేం మోస్తం."

మాలో ఆడవాళ్లు జనాజా మోయరు. కబరస్తాను దాకా వెళ్లరు కూడా. ఆ సంగతి ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు అక్కడ లేరు. ఆమె వెనక ఒక్కొక్కరే లేస్తున్నారు. నేను లేచాను, నా నేస్తమూ లేచింది.

బాపు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"నేను బరువుంట ఆపా" అన్నాడు.

"ఎరుకే" అన్నదామె. "అందుకేగద ఇంతమందిమి లేసినం."