దారాలక్కా, నారింజరంగు గోడా

దారాలక్క దగ్గరికి గుడ్డముక్క పట్టుకెళ్తే రెండో రీలు చూడాల్సిన పని ఉండదని ఆ వీధిలో పెద్ద పేరు. గుడ్డ చేతికి ఇవ్వగానే ఆవిడ కొట్టు గడప దాకా వచ్చి, దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఒక్క చూపు చూసేది. లోపలికి వెళ్ళి రీలు తెచ్చేది. ఆ దారం గుడ్డమీద పెడితే ఎక్కడుందో వెతుక్కోవాలి. గుండీలు, జిప్పులు, లేసులు కూడా అమ్మేది గాని, అవి ఎక్కడైనా దొరుకుతాయి. చుట్టుపక్కల టైలర్లంతా వచ్చేది ఆ కంటి కోసమే. భర్త పోయాక ఇంటినీ, మంచం దిగలేని అత్తగారినీ ఆవిడ ఆ కంటితోనే నెట్టుకొచ్చింది. ఒకరి ముందు చెయ్యి చాచి ఎరగదు.

కొట్టుకి ఎదురుగా, సన్నటి వీధికి అవతల, చర్చి పక్కగోడ. కిటికీ అన్నది లేని పెద్ద తెల్లగోడ. దానిమీద పడ్డ ఎండే కొట్టులోకి వెలుతురై వచ్చేది. ఆ సంగతి దారాలక్క ఎప్పుడూ ఆలోచించలేదు. వెలుతురు వచ్చేది, ఆవిడ వాడుకునేది.

ఒకనాడు పాస్టరుగారు ఒక పెయింటరమ్మాయిని వెంటబెట్టుకుని కొట్టుకొచ్చారు.

"అక్కా, ఆ గోడమీద ఏదైనా వేయిద్దామనుకుంటున్నాం. రోజూ దాని మొహం చూడాల్సింది మీరే. అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి."

"ఏం బొమ్మ వేస్తారండీ?"

"బొమ్మ కాదండీ," అంది ఆ అమ్మాయి. "రంగులు. ఒట్టి రంగులే."

రంగులంటే దారాలక్కకి అభ్యంతరమా. చేపని నీళ్ళంటే ఇష్టమేనా అని అడిగినట్టుంది. "నిక్షేపంగా వేసుకోండి" అంది.

పరంజా లేచింది. సంఘంలో అందరూ గొర్రెలకాపరి వస్తాడని చూశారు, కనీసం ఒక పావురమైనా రాకపోతుందా అనుకున్నారు. ముందు లారీ అంత నీలం వచ్చింది. తరవాత పైకప్పు అంచు నుంచి వీధి దాకా ఏటవాలుగా నారింజరంగు దిగింది. దాని నడుమ నల్లటి గీత ఒకటి వంకర తిరిగి పోయింది. అంతే, ఇంకేం లేదు. పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. రిటైరైన హెడ్మాస్టరుగారైతే ఒంటికాలి మీద లేచారు.

"ఇందులో దేవుడెక్కడున్నాడు?" అని పాస్టరుగారిని నిలదీశారు.

"చూస్తూ ఉండండి, కనిపిస్తాడు" అన్నారు పాస్టరుగారు. ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు.

దారాలక్క మాత్రం గడపలో నిలబడి నోరు తెరుచుకుని చూసింది. బొటనవేలంత రీళ్ళలో రంగులు చూసిన మనిషి, ఇల్లంత రంగు చూడటం అదే మొదలు. పొయ్యిమీద పాలు పొంగి పోతున్నా కదల్లేదు.

పరంజా విప్పాక కొద్దిరోజులకి పాత టైలరు ఒక కోటు తెచ్చి బల్లమీద పెట్టాడు. మళ్ళీ ఏమనుకున్నాడో, దాన్ని తీసుకుని వీధి మలుపు దాకా రమ్మన్నాడు. నీలం కలిసిన బూడిదరంగు కోటు. కుట్టిన దారం మట్టిరంగు కొడుతోంది.

"మీరిచ్చిందే అక్కా. నేనూ చూసుకోకుండా కుట్టేశాను" అన్నాడు మెల్లగా. ఏళ్ళ తరబడి తెలిసినవాడు అలా మెల్లగా అనేసరికి ఆవిడకి తిట్టినదానికన్నా ఎక్కువ తగిలింది.

ఆ తరవాత వంగపండు రంగు గౌనుకి ముదురెరుపు దారం ఇచ్చింది. అదీ తిరిగొచ్చేసరికి దారాలక్కకి అర్థమైంది. చూపు పోతోందన్నమాట. కంటిడాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఆయన కూడా అవునంటే ఇక మిగిలేదేముంది? కష్టమైన రంగు ఎవరైనా తెస్తే "స్టాకు లేదండీ" అనడం మొదలుపెట్టింది. వచ్చేవాళ్ళు పలచబడ్డారు. దారాలక్క కళ్ళు పోయాయని టైలర్లు చెవులు కొరుక్కోవడం ఆవిడ చెవినీ పడింది.

ఇలా ఉండగా అత్తగారి శాలువా అంచు ఊడింది. దారాలక్క కొట్టులో దారం చూసుకుని, కుట్టడానికి అత్తగారుండే వెనకగదిలోకి తెచ్చింది. పెరటివైపు కిటికీ దగ్గర చూస్తే శాలువాకీ దారానికీ మాటల్లేవు. కొట్టులోకి పరిగెత్తింది. అక్కడ రెండూ ఒకటే. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఇక్కడ వేరు. అప్పుడు కొట్టు నడిమధ్య నిలబడి తలెత్తి చూసింది. అటకమీది అట్టపెట్టెలూ, గోడలూ, తన అరచేతులూ అన్నీ నారింజరంగులో ఉన్నాయి. ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది. రీళ్ళ మధ్య కూలబడి ఒక్కర్తీ నవ్వుకుంది.

మర్నాడే హెడ్మాస్టరుగారు వచ్చి, తన తెల్లచొక్కా వంక చూసుకుని ఉలిక్కిపడ్డారు. ఆయన బుర్ర చురుకైనదే, విషయం ఇట్టే పట్టేశారు.

"నీ వ్యాపారం దెబ్బతిన్నది ఈ గోడ వల్లే కదమ్మా? ఆదివారం సంఘంలో ఆ ఒక్కమాట చెప్పు చాలు. సున్నం కొట్టించే పూచీ నాది."

దారాలక్క ఇరుకున పడింది. గోడ సంగతి చెబితే గోడ పోతుంది. చెప్పకపోతే కళ్ళు పోయాయన్న మాట మిగిలిపోతుంది. ఆ మాట మిగిలితే కొట్టు మూసుకోవాల్సిందే.

ఆదివారం ఆరాధన అయ్యాక పంచాయితీ పెట్టారు. దారాలక్క లేచి కొంగు బిగించుకుంది.

"నేను తప్పు దారాలిచ్చింది ఆ గోడ వల్లేనండీ. నా కళ్ళకేం కాలేదు" అంది. హెడ్మాస్టరుగారు తృప్తిగా తల ఊపారు.

"అయినా ఆ గోడ అలాగే ఉండాలి. ఇన్నేళ్ళూ నేను చూసిన ప్రతి రంగూ ఇంకోదానికి జతపడాల్సిందే. గుడ్డ ఎలా ఉంటే దారం అలా ఉండాలి. ఆ గోడమీద రంగు దేనికీ జతపడక్కర్లేదు. దాని మానాన అది ఉంది. పొద్దున్నే తలుపు తీసి దాన్ని చూస్తే నాకు ప్రార్థన చేసుకున్నట్టే ఉంటోంది. దాన్ని చెరిపి నా కొట్టు నిలబెట్టుకోలేను."

పెయింటరమ్మాయి తల దించుకుంది. హెడ్మాస్టరుగారే అడిగారు. "మరి నీ బతుకుతెరువు మాటేమిటమ్మా?"

"వెనకగదిలో మంచి కిటికీ ఉందండీ. మా అత్తగారిని అడగాలి."

ఆ మాటకి అందరూ మొహమొహాలు చూసుకున్నారు. తన మంచినీళ్ళ గ్లాసు జరిపినా ఊరుకోని మనిషని అత్తగారికి పేరు.

"అందరం ప్రార్థన చేద్దాం" అన్నారు పాస్టరుగారు. హెడ్మాస్టరుగారికి కూడా నవ్వొచ్చింది. ఆ తరవాత సున్నం ఊసు ఎవరూ ఎత్తలేదు.

దారాలక్క దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ ఇంటికొచ్చింది. కాపురానికొచ్చినప్పటి నుంచి అత్తగారిని ఏదీ అడిగింది లేదు. మంచం ముందు నిలబడేసరికి కూర్చుకున్నవన్నీ మరిచిపోయింది.

"అత్తయ్యా, మీ గది నాకు కావాలి."

"నన్నెక్కడికి పొమ్మంటావ్?"

"ముందుకి. కొట్టులోకి."

ముసలావిడ కోడల్ని ఎగాదిగా చూసింది. "నీ కళ్ళు పోయాయని పాలవాడు కూడా అన్నాడు. నాకు చెప్పకుండా ఎన్నాళ్ళు దాచుదామనుకున్నావ్?"

"పోలేదత్తయ్యా, ఆ గోడ..."

"పోలేదని నాకు తెలుసు. మంచం ఎత్తించు."

కొట్టు వెనక్కి, మంచం ముందుకి మారాయి. ముసలావిడ రెండు దిండ్లు ఆనుకుని గోడకేసి చాలాసేపు చూసి, ఇంత రంగు ఇంటి ముందు పెట్టుకుని తనని వెనక పడేశారని వీధినపోయే వాళ్ళకి ఏకరువు పెట్టింది. అంతలో ఆ కోటు టైలరే చేతిలో గుడ్డతో గడప దగ్గర తటపటాయిస్తూ కనిపించాడు.

"నిలబడ్డావేం? లోపలికి పో. మా కోడలి కంటికేం కాలేదు. అలాంటి కన్ను ఈ చుట్టుపక్కల ఇంకోళ్ళకి లేదు. నేను ఎన్నేళ్ళుగా చూస్తున్నానో నీకేం తెలుసు."

ఆ మాట అత్తగారి నోట దారాలక్క వినడం అదే మొదటిసారి. టైలరు వెనకగదిలోకొచ్చి గుడ్డ ఇచ్చాడు. ఆవిడ కిటికీ దగ్గర దాన్ని ఎత్తి పట్టుకుంది గాని, కాసేపు ఏ రంగూ కనిపించలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూడాల్సి వచ్చింది.