టిష్యూ ప్యాకెట్ పెట్టిన అర

తువాస్‌లోని మా గోడౌన్‌కి స్కానర్లు వచ్చిన రోజు నాకు ఒళ్లు మండింది. పదిహేనేళ్లుగా ఏ పెట్టె ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. ఇప్పుడు యంత్రం దగ్గర పాఠాలు నేర్చుకోవాలా? ఆ సిస్టమ్ పెట్టడానికి వచ్చిన వరంగల్ అమ్మాయిని అదే అడిగాను.

"మీకెర్కే అంకుల్. కంపెనీకి గూడ ఎర్క ఉండాలె గద. మీరు లీవు పెడితే మేమెవర్ని అడగాలె?" అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. పెట్టె కదిలిస్తే స్కాన్ చేయాలన్నది కొత్త నియమం. మా పాత పద్ధతి వేరు. హాకర్ సెంటర్లో తినడానికి వెళ్లినవాళ్లు టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసినట్టే, అంటే చోటు పట్టుకున్నట్టే, ఖాళీ అరలో ఒక ప్యాకెట్ పెడితే ఇక అది మనదే. పంపాల్సిన పెట్టె అక్కడ ఉంచి, లారీ రాగానే ఎక్కించేసేవాణ్ణి. స్కాన్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకునేవాణ్ణి.

ఒక ఉదయం తయారీ కంపెనీ నుంచి కబురొచ్చింది. పసిపిల్లల పాలపొడిలో ఒక బ్యాచ్ పాడైందట, ఒక్క డబ్బా కూడా ఏ బిడ్డ నోటికీ చేరకూడదట. వెనకటికైతే కాగితాల కట్టలు విప్పుకుంటూ రెండు రోజులు వెతికేవాళ్లం.

ఆ అమ్మాయి బ్యాచ్ నంబరు కొట్టింది. అంతే. ఏ అరలో ఎన్ని పెట్టెలున్నాయి, ఏ కొట్టుకు ఎన్ని చేరాయి, అన్నీ తెర మీదికి వచ్చేశాయి. చోవా చూ కాంగ్ వైపు వెళ్తున్న లారీకి ఆ అమ్మాయి కబురు పంపితే, మేం చూస్తుండగానే తెర మీద దాని చుక్క వెనక్కి తిరిగింది. చేతిలో కాఫీ ఉందన్న సంగతే మరిచిపోయాను. నా చూపు ఏనాడూ గోడౌన్ గేటు దాటలేదు. ఇది ఊరంతా చూస్తోంది. నిజంగా చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఒక్క పెట్టె మాత్రం తేలలేదు. తెర చూపించిన అరకి వెళ్తే అది ఖాళీ. పక్క అరలో నా టిష్యూ ప్యాకెట్ ఉంది. ముందురోజు హౌగాంగ్‌లో కొట్టు నడిపే ఆంటీ అర్జెంటని అడిగితే, ఆ పెట్టెను ఇటు జరిపి, స్కాన్ చేయకుండానే పంపేశాను.

"నేనే పంపానమ్మా," అన్నాను. ఆ అమ్మాయి వెంటనే ఫోన్ నా చేతికిచ్చింది. కొట్టు ఆంటీకి చేసి, ఆ పెట్టెలో డబ్బాలు ఎన్ని మిగిలాయని అడిగాను.

"ఐదు డబ్బాలు ఇక్కడే ఉన్నాయి. ఒకటి ఇందాకే పై ఫ్లాట్ అమ్మాయి కొన్నది లా," అంది ఆంటీ. సంగతి చెప్పగానే ఫోన్ అక్కడే వదిలేసి పరుగెత్తింది. ఆమె చెప్పుల చప్పుడు దూరమైంది. ఫోన్ చెవికి పెట్టుకుని అలాగే నిలబడ్డాను.

చాలాసేపటికి ఆంటీ రొప్పుతూ మళ్లీ ఫోన్ దగ్గరికి వచ్చింది. "సీసాలో కలిపేసింది. బిడ్డ ఇంకా నిద్ర లేవలేదని పాలు పట్టలేదు. పారబోయించాను."

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మిగతా పిల్లలందరినీ ఆ తెర కాపాడింది. ఆ ఒక్క బిడ్డను మాత్రం నిద్ర కాపాడింది.

లేచి, ఆ టిష్యూ ప్యాకెట్ తీసి జేబులో పెట్టుకున్నాను. స్కాన్ చేయడం మొదటి నుంచి మళ్లీ చూపించమని ఆ అమ్మాయిని అడిగాను.