మెయిన్ ఆపినా ఆగని షాకు

దయ్యాలను, గాలిని, ధూళిని నేను ఏనాడూ నమ్మలేదు. ఛత్రినాకలో మా గల్లీ చివరి ఇంట్లో ఏదో ఉందని అందరూ చుట్టు తిరిగి పోతుంటే, నేను ఆ గోడను రాసుకుంటూ ఆఫీసుకు నడిచేవాణ్ణి. ఇప్పుడూ నమ్మను. కానీ నా కళ్లతో చూసినదాన్ని చూడలేదని చెప్పమంటే చెప్పను. అది నా స్వభావంలో లేదు.

హైదరాబాదు ఇంకా విడి రాష్ట్రంగా ఉన్న రోజులవి. మల్లయ్య సేటు ఇంట్లో వెనక వాటా మాది. ఆయనకు బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం. నేను సర్కారు దఫ్తరులో గుమాస్తాను. నాతో మా అక్క సత్తెమ్మ ఉండేది. చిన్నతనంలోనే అమ్మా నాన్నా పోతే నన్ను సాకింది అక్కే.

మీటరు సేటు వాటాలో ఉండేది. అక్కడి నుంచి ఒక తీగ ఇనుప పైపులోంచి వాకిలి దాటి మా గదులకు వచ్చేది. పైపు మూతి దగ్గర తీగ మీది రబ్బరు రాసుకుపోయి లోపలి రాగి కనిపించేది. ఆ పైపుకే సేటు ఇనుప తీగ కట్టించి బట్టలకు దండెం చేశాడు.

తీగ మార్చమన్నాను. పైపు నుంచి ఎర్తు తీగ భూమిలోకి దింపమన్నాను. వానలు రాకముందే దండెం విప్పి నూలు తాడు కట్టమన్నాను. అడిగిన ప్రతిసారీ ఆయన ఏమన్నాడో నాకు మాట పొల్లుపోకుండా గుర్తుంది.

"ఏందయ్యా గుమాస్తా, కిరాయికున్నోనివి, గిన్ని ఫర్మానులా? కరెంటంటే గంత భయమైతే కందిలి పెట్టుకో."

వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఎవరెవరు నవ్వారో కూడా చెప్పగలను.

ఆ ఆషాఢంలో బోనాలకు సేటు ఇంటి ముందు రంగు బల్బుల తోరణాలు వేయించాడు. వాన పడగానే ఫ్యూజు పోయేది. ఫ్యూజు పోతోందంటే ఎక్కడో తప్పుందని అర్థం. అందులోని సన్న తీగ తాను కరిగిపోయి ఇంటిని కాపాడుతుంది. సేటు ఆ తప్పు వెతకలేదు. పింగాణీ ఫ్యూజులో సన్న తీగ తీసేసి లావు రాగి తీగ చుట్టాడు. పండగొస్తే మా బస్తీలో చాలామంది చేసే పనే అది. దీపాలు ఆరితే అమ్మవారికి అపచారమని వాళ్ల భయం.

"ఇగ ఎట్ల పోతదో చూస్త" అన్నాడు సేటు మీసం దువ్వుకుంటూ.

పండగ మర్నాడు పొద్దున వాన వెలిసింది. అక్క తడి షాబాదు బండల మీద వట్టి కాళ్లతో నిలబడి దండెం మీద చీర ఆరేయబోయింది. నేను లోపల గడ్డం గీసుకుంటున్నాను. "తమ్మీ" అన్న పిలుపు సగమే వినిపించింది.

నేను వచ్చేసరికి ఆమె చెయ్యి దండెం తీగకు అతుక్కునే ఉంది. మెయిన్ ఆపాలంటే సేటు వాటాలోకి పోవాలి. ఆ తలుపుకు లోపల గడియ. తలుపు బాదాను. వాళ్లు వచ్చి తీసి, మెయిన్ ఆపేసరికి అంతా అయిపోయింది. అక్క కుడి అరచేతిలో అడ్డంగా ఎర్రటి గీత.

పోలీసులు వస్తే సేటు, "ఆమెకు ముందుగాల్నే గుండె జబ్బుండె సాబ్" అన్నాడు. వాళ్లు పోయాక గల్లీ వాళ్లతో, "తడి చేతులతోని పట్టుకుంటే ఎవరైనా పోతరు" అన్నాడు. ఒకే నోరు, ఒకే పూట. మా అక్కకు ఏ జబ్బూ లేదు.

నేను ఆయన్ను అడిగింది ఒక్కటే. తప్పు తనదేనని నలుగురిలో చెప్పమన్నాను. "నాకేం సంబంధం?" అన్నాడు. దినాలు కాకముందే దండెం పీకించాడు, పైపు మార్పించాడు, ఎర్తు వేయించాడు, ఫ్యూజులో సన్న తీగ పెట్టించాడు. నేను అడిగినవన్నీ చేయించాడు, మనిషి పోయాక. అంతకు మించిన అవమానం నాకు జీవితంలో జరగలేదు.

ఇల్లు మారమని అందరూ చెప్పారు. మారలేదు. రోజూ పొద్దున ఆయన నా ముఖం చూడాలి. నన్ను వెళ్లగొట్టే ధైర్యం ఆయనకూ లేకపోయింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం వాన పడుతోంది. సేటు చేతులు కడుక్కోవడానికి వాకిట్లోని ఇత్తడి గంగాళంలో చెంబు ముంచాడు. కేక పెట్టి వెనక్కి పడ్డాడు. చుట్టుపక్కల ఒక్క తీగ లేదు. ఆయన భార్య బాలమ్మ అదే గంగాళం పట్టుకుంది, ఏమీ కాలేదు. నేనూ పట్టుకున్నాను. చల్లటి ఇత్తడి, అంతే.

వైరింగు పని చేసే యూసుఫ్ భాయ్‌ని పిలిపించారు. ఆయన ఎక్కడైనా కరెంటు పారుతోందేమోనని బల్బు తగిలించి గోడలూ పైపులూ అన్నీ చూశాడు. చివరికి మెయిన్ ఆపేసి, "అబ్ క్యా డర్ సేటూ? ఇప్పుడు ఇంట్ల కరెంటే లేదు. గొళ్లెం పట్టుకో" అన్నాడు. సేటు పట్టుకున్నాడు. చెయ్యి విదిలించుకుని కూలబడ్డాడు. యూసుఫ్ భాయ్ తన సంచి సర్దుకుని, మళ్లీ ఆ ఇంటికి రాలేదు.

నేను దగ్గరికి పోయి సేటు అరచెయ్యి చూశాను. అడ్డంగా ఎర్రటి గీత.

వాన పడ్డ ప్రతిరోజూ ఇదే. దుకాణంలో బిందె ముట్టి ఎగిరిపడితే గిన్నెల దొంతర కూలిందట. "సేటును ఆయన ఇత్తడే కరుస్తుంది" అని బజారంతా నవ్వుకున్నారు. డాక్టరు నరాల బలహీనత అన్నాడు. నేను వాన కోసం ఎదురుచూసేవాణ్ణి.

మరుసటి ఆషాఢం, బోనాల నాటి పగలు. సన్నగా తుంపర పడుతోంది. బాలమ్మ పసుపు రాసిన ఇత్తడి బోనం ముందు నిలబడి, "జర ఎత్తి నెత్తికి పెట్టుండ్రి" అంది. సేటు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఏంది సేటూ, అమ్మ బోనానికి కూడ భయమా?" అన్నాడు ఎదురింటి రాజయ్య. గల్లీ అంతా నవ్వింది.

సేటు అందరి వైపూ తిరిగాడు. తర్వాత గట్టిగా, డప్పులు ఆగిపోయేంత గట్టిగా అరిచాడు.

"నేనే చుట్టిన! ఫ్యూజుల లావు తీగ నేనే చుట్టిన. సత్తెమ్మకు ఏ జబ్బూ లేకుండె. ఈ పిలగాడు చెప్తనే ఉండె, నేనే ఇనలే."

ఏడాదిగా నేను ఎదురుచూసిన మాట అదే. విన్నాను. నాకు కడుపు నిండలేదు.

ఆయన ఏడుస్తూ నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "మాఫ్ చెయ్యి నాయనా. ఒక్క మాట అను."

నేను అనలేదు. అప్పుడే ఆయన ఎవరో లాగి విసిరినట్టు వెనక్కి ఎగిరి బండల మీద పడ్డాడు. నా చేతుల్లో నాకేమీ తెలియలేదు. చురుక్కు కూడా అనలేదు. బాలమ్మ భర్త వైపు పోలేదు. నా చేతుల వైపే చూస్తూ నిలబడింది.

సేటు బతికాడు. చాలా ఏళ్లు బతికాడు. నేను ఆ ఇల్లు వదిలాక కూడా, వాన పడితే మంచం దిగేవాడు కాదని విన్నాను. మాఫ్ చేశానని నేను ఈరోజు వరకూ చెప్పలేదు.

ఇది ఎలా జరిగిందో నాకు తెలియదు. అక్కే చేసిందని గల్లీలో అందరూ అన్నారు. కానీ అక్కయితే, నిజం ఒప్పుకున్నాక ఆయన్ను వదిలేసేది. ఆమెకు అంత పట్టుదల లేదు. మా ఇంట్లో పట్టుదల ఉన్నది నాకు.